వెనక్కి జారని బండి

"ఆ కోడలు బండి నడుపుతోందా, పొయ్యి రాజేస్తోందా? వీధంతా కమురు కంపు!" అని ఎదురింటి టైలరమ్మ ఇస్త్రీ అతనితో అన్నదట. ఆ మాటను అతను మడత నలగకుండా తెచ్చి, బట్టలతోపాటు ఆ కోడలి మామగారు, పెద్దాయన చేతిలో పెట్టాడు. తన వంతుగా ఇంకొకటి కలిపాడు కూడా. "ఆరుగురు నెడితేగాని గేటు దాటలేదటగా?"

నిజానికి నెట్టింది ఇద్దరే. ముందురోజు సాయంత్రం కోడలు ఆఫీసు నుంచి వస్తుంటే వీధి మలుపులో కారు మొండికేసింది. ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది. చక్రాలు మాత్రం ఆ గొడవతో తమకేమీ సంబంధం లేనట్టు నిలబడ్డాయి. కింది నుంచి సన్నగా పొగ. దారిన పోయేవాళ్ళెవరో ఇద్దరు నెట్టి పుణ్యం కట్టుకున్నారు.

అది కొడుకు ముచ్చటపడి కొన్న టర్బో కారు. పాతదే అయినా తొక్కితే వీపు సీటుకి అతుక్కుపోతుంది. కోడలికి లైసెన్సు వచ్చి ఏడాది. ఊరి అవతలి కొసన మందుల ల్యాబులో ఉద్యోగం. పొద్దున ఆరింటికల్లా అక్కడ ఉండాలి. ఆ వేళకి అటు బస్సు లేదు. కారుంటేనే ఉద్యోగం.

కొడుకు ఇంటికి రాగానే ఆమె చేతిలోంచి తాళాలు తీసుకున్నాడు. "క్లచ్చి మీద కాలేసి నిద్రపోతావు నువ్వు. ఇక చాలు. దగ్గర్లో ఏదైనా చూసుకో."

"నేను కాలెయ్యను."

"మరి నేనేశానా? పోనీ, నాన్న వేశాడా?"

ఆ చివరి మాటకి తనే పకపకా నవ్వాడు. పెద్దాయన కూడా నవ్వాడు. నవ్వకేం చేస్తాడు? ముప్పై రెండేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. హాల్లో గోడకి మంచి డ్రైవరని ఇచ్చిన బిళ్ళ ఉంది. ఎత్తు మీద ఆగాల్సి వస్తే హ్యాండ్‌బ్రేకు జోలికి పోయేవాడు కాదు. అది చేతకానివాళ్ళ పనిముట్టని ఆయన లెక్క. ఎడమకాలితో క్లచ్చిని సగంలో పట్టి, కుడికాలితో ఇంత ఆక్సిలేటరు ఇచ్చి, నిండు బస్సును బెత్తెడు కూడా వెనక్కి జారకుండా నిలబెట్టేవాడు. ఆయన బస్సులో ముసలమ్మలు పైకమ్మీ పట్టుకోకుండా నిలబడేవారని డిపోలో చెప్పుకునేవారు.

ఇప్పుడు వారానికి మూడు సాయంత్రాలు ఆ కారులోనే మనవరాలిని ఈతకి తీసుకెళ్తాడు. ఈత కొలను గుట్ట మీద ఉంది. కింది నుంచి గేటు దాకా కార్లు చీమల బారులా పావుగంట పాకుతాయి. ముందు కారు కదిలేదాకా ఆయన అదే పాత విద్యతో బండిని గాలిలో పట్టి ఉంచినట్టు ఉంచుతాడు. వెనక సీట్లో మనవరాలు "తాతయ్యా, మనం ఒక్కళ్ళమే జారలేదు!" అంటే మీసం దువ్వుకుంటాడు.

కారును షెడ్డుకి లాక్కెళ్ళారు. మెకానిక్కు ఒకప్పుడు బస్సు డిపోలో ఫిట్టరు. పెద్దాయనకి బాగా తెలిసినవాడే. మూడోరోజు గేర్‌బాక్సు దించి కబురు పెడితే ముగ్గురూ వెళ్ళారు. రేకుల కింద బల్ల మీద గోనెపట్టా పరిచి సామాను పేర్చి ఉంది. క్లచ్చి ప్లేటు అంచులు రాలి, మాడిన మూకుడులా ఉంది. దాని పక్కన ఫ్లైవీలు, ప్లేటు ఆనుకుని తిరిగే చక్రం. నున్నటి ఇనుము మీద చుట్టూ నీలం మచ్చలు.

"ప్లేటొక్కటే అయితే నొప్పి తెలిసేది కాదు. ఫ్లైవీలు కూడా పోయింది" అన్నాడు మెకానిక్కు.

"లేతు మిషను మీద పెట్టి ఒక పొర తీయించరా. బస్సులకి అదేగా చేసేవాళ్ళు" అన్నాడు పెద్దాయన.

"బస్సుది ఒకటే ముక్క బాబాయ్. ఇది రెండు ముక్కలు, మధ్యలో స్ప్రింగులు. టర్బో గుంజుడుకి బండి ఒళ్ళు అదరకుండా పెట్టారు. వేడికి అవి కూడా చచ్చిపోయాయి. మొత్తం సెట్టు మార్చాల్సిందే." చీటీ మీద అంకె వేసి కొడుకు చేతికిచ్చాడు.

కొడుకు చీటీని రెండుసార్లు చదివాడు. "మూడు నెలల జీతం!" అన్నాడు భార్య వైపు తిరిగి. "మూడు నెలలు నేను గాలి తిని బతకాలి. విన్నావా?"

ఆమె విన్నది. నల్లబడిన ప్లేటు వైపే చూస్తూ, "రేపు ల్యాబులో నోటీసు ఇచ్చేస్తాను" అంది మెల్లగా.

మెకానిక్కు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన వేలునే మళ్ళీ తుడిచాడు. "ఒక మాట సార్. ఇది కొత్తవాళ్ళ పని కాదు. కొత్తవాళ్ళు కుదుపుతారు, ఇంజను ఆపేసుకుంటారు. ఇంత సమంగా, ఓపిగ్గా కాల్చాలంటే చెయ్యి తిరిగి ఉండాలి. అందులోనూ ఈ బండికి ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు ఊపిరి తక్కువ. ఎత్తు మీద క్లచ్చితో నిలబెడితే నిలబెట్టినంతసేపూ కాలుతుంది."

కొడుక్కి అదేమీ ఎక్కలేదు. చీటీ పట్టుకుని ఎవరికో ఫోను చేస్తూ బయటికి నడిచాడు.

పెద్దాయన మెకానిక్కు దగ్గరికి జరిగాడు. "ఒరేయ్, డిపోలో నా బస్సుకి ప్లేటు ఎన్నాళ్ళకోసారి మార్చేవాళ్ళు?"

"ఇప్పుడెందుకులే బాబాయ్."

"చెప్పరా."

"ఏడాదికొకటి. మిగతావాటికి రెండున్నరేళ్ళు వచ్చేది."

"ఒక్కడూ నాతో అనలేదేం?"

"బిళ్ళ ఇచ్చినరోజు అనమంటావా? బిల్లు డిపోది, పేరు నీది. మధ్యలో మాకెందుకు?"

పెద్దాయన టైర్ల కుప్ప మీద కూర్చున్నాడు. ముప్పై రెండేళ్ళూ వెనక్కి జారలేదని తాను మురిసిపోతుంటే, ఆ జారకపోవడాన్ని బస్సు కింద వెల్లకిలా పడుకుని నూనె మొహాలతో మోసినవాళ్ళు వేరే ఉన్నారన్నమాట. వాళ్ళు నోరెత్తలేదు కనుక తనది విద్య అయింది. ఇవాళ కూడా ఎవరూ నోరెత్తరు. వీడు చెప్పడు. కొడుక్కి తట్టదు. కోడలు ఉద్యోగం మానేస్తుంది; ఆ తర్వాత అందరూ మర్చిపోతారు. గోడ మీద బిళ్ళ గోడ మీదే ఉంటుంది. కాసేపు ఊరుకుంటే చాలు.

ఆ కాసేపూ ఊరుకున్నాడు. కొడుకు ఫోను పెట్టేసి లోపలికి రాగానే లేచాడు.

"ఒరేయ్, ఆ కాలు నాది."

"ఏ కాలు నాన్నా?"

"క్లచ్చి కాల్చిన కాలు. ఈత కొలను ఎత్తు మీద, వారానికి మూడు రోజులు, బ్రేకు వెయ్యకుండా. అమ్మాయి తప్పు ఇసుమంతైనా లేదు. వీణ్ణి అడుగు."

మెకానిక్కు తల వంచాడు. కొడుకు అతన్నీ తండ్రినీ మార్చి మార్చి చూశాడు. మొహంలో చిటపట చల్లారిపోయింది. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పోనీలే నాన్నా. ఎన్నాళ్ళుంటుంది, అరిగే వస్తువేగా! ఎలాగో సర్దుకుందాం. నువ్వేం మనసులో పెట్టుకోకు."

"నా కాలయితే మూడు నెలల జీతం, నా ఉద్యోగం. మామయ్య కాలయితే అరిగే వస్తువా?" అంది కోడలు.