దసరా నుంచి మొరాయిస్తున్న కంప్యూటర్

చంద్రకాంత్ వికారాబాద్‌లో రైలెక్కాడని తెలిసేసరికి స్నేహలతకు కాలూ చేయీ ఆడలేదు. ఆ మెకానిక్ తాండూరులో దిగాడంటే దుకాణం కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ తుడిచేసి విండోస్ ఎక్కిస్తాడు. బండలు అమ్మే శంకరప్ప దగ్గర లెక్కలు రాసే స్నేహలత, సేటును బతిమాలి బతిమాలి ఆ ముసలి కంప్యూటర్‌కు లినక్స్‌తో ప్రాణం పోసింది. మొదట్లో లేడిపిల్లలా లేచేది. దసరా వెళ్లిందో లేదో మొండికేసింది. మీట నొక్కి చాయ్ తాగి వచ్చినా తెర నల్లగానే ఉంటోంది. గిరాకీలు గొణుగుతుంటే సేటుకు మాత్రం ఓపిక ఎక్కడిది? మెకానిక్‌కు ఫోన్ కొట్టాడు. లినక్స్ పోతే ఇక తన మాటకు ఇక్కడ విలువుండదు.

చున్నీ నడుముకు బిగించి, తెర వెలిగేదాకా కూర్చుంది. లేచేటప్పుడు నిన్ను ఆపుతున్నది ఎవరని కంప్యూటర్‌నే అడిగింది. లినక్స్‌లో ఆమెకు నచ్చేది అదే, అడిగితే దాచుకోదు. జవాబును రెండుసార్లు చదివింది. ఆపుతున్నది తను రాసిపెట్టిన ఆజ్ఞే! లేవగానే లెక్కలన్నీ బయటి డిస్క్‌లోకి ఎక్కించు, డిస్క్ కనబడకపోతే కాసేపు ఆగి చూడు, ఆ తర్వాతే తెర తెరువు అని. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది.

మరి డిస్క్ ఏది? బల్ల వెనక చూస్తే వైరు ఒక్కటే వేలాడుతోంది. దసరా నాటి ఆయుధపూజ చప్పున గుర్తొచ్చింది.

"సేట్, పూజల ఏమేం వెట్టిన్రు?"

శంకరప్ప దేవుడి పటాల వెనక చేయి పెట్టాడు. పసుపు, కుంకుమ, ఎండిన బంతిరేకులతో సహా డిస్క్ బయటికొచ్చింది. లెక్కలన్నీ అందులోనే భద్రమని ఆమె ఎప్పుడో చెప్పిందని, లక్ష్మీదేవి చల్లని చూపు పడుతుందని అక్కడే ఉంచేశాడట. కోపం రావాల్సింది పోయి స్నేహలతకు నవ్వాగలేదు. తుడిచి తగిలించింది. డిస్క్ ఉన్నా లేకున్నా ముందు తెర తెరవమని ఆజ్ఞనూ మార్చింది.

చంద్రకాంత్ సంచీతో లోపలికి రాగానే సేటు తనే మీట నొక్కాడు. వచ్చినాయన కుర్చీ లాక్కునేలోపే తెర వెలిగింది. స్నేహలతకు ఎగిరి గంతేయాలనిపించింది.

"నువ్వు చాయ్ తాగి మల్ల బండెక్కు. మా బిడ్డనే చేసింది," అన్నాడు శంకరప్ప. తర్వాత కుంకుమ అంటిన వేళ్లు చూసుకుంటూ ఆమె వైపు తిరిగాడు.

"వచ్చే దసరకు పూజల డిస్క్ వెట్టను బిడ్డ. దాని జాగల నిన్నే కూసోవెడ్త."