పట్టుదారం మీద బెండు ఉండలు

చౌడేశ్వరి జీలుగు బెండును శనగగింజంత రెండు ఉండలుగా చెక్కి, రెండు దారాలతో దూలానికి ఒకేచోట వేలాడదీసింది. గాలి తగలకూడదని కూతురు అంటే తల్లి సుబ్బరత్నం తలుపులు మూసింది.

తండ్రి అంకమ్మరావు మంచం మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. "బెజవాడలో ఏం నేర్చుకుందో చూపిస్తే సోమవారం కాలేజీకి. లేకపోతే మగ్గం గుంటలో దిగుద్ది" అని పొద్దున్నే తేల్చేశాడు. నూలు దొరకడమే గగనమైన యుద్ధపు రోజులు, చదువు ఖర్చు భారమే. ఆయన ఆడిన మాట మీద నిలబడే మనిషి.

చౌడేశ్వరి లాంతరు చిమ్నీని పట్టుగుడ్డతో రుద్ది ఉండలకు తాకించింది. అవి గాజుకు అంటుకున్నాయి. చిమ్నీ తీయగానే పక్కపక్కనే వేలాడాయి. మళ్ళీ రుద్దింది. మళ్ళీ అంతే.

"విడిపోవాలి నాన్నా."

"మాకిష్టం లేదంటున్నాయిగా!"

ఆమె దారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. "అమ్మా, ఇది గంజి పెట్టిన దారమా?"

"పడుగులో తెగింది. గంజి పెట్టని దారం మనింట్లో ఎక్కడుందే?"

"అదే కొంప ముంచింది. గంజి చెమ్మ పీల్చుద్ది. ఎక్కిన విద్యుత్తంతా దారం వెంట పోతోంది. పట్టుపోగు కావాలి."

సుబ్బరత్నం పెట్టె తెరిచి పెళ్ళిచీర చెంగులోంచి పొడవాటి పోగు లాగింది.

"చీర పాడుచేస్తావేంటే?" అన్నాడు అంకమ్మరావు.

"నా చీర."

చౌడేశ్వరి ఆ పోగును రెండుగా తెంపి, వాటితో ఉండలను మళ్ళీ కట్టి చిమ్నీ రుద్దింది. ఈసారి ఉండలు గాజును తాకి, దాన్నీ వదిలి, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎడంగా జరిగాయి. చిమ్నీ తీసినా కలవలేదు. పుట్టినప్పటినుంచి దారాల మధ్యే బతికిన సుబ్బరత్నం, వేలాడే దారం ఏటవాలుగా నిలవడం ఎన్నడూ చూడలేదు. ఆ ఉండల మధ్య ఏమీ లేదు. ఏదో ఉంది కూడా.

అంకమ్మరావు లేచొచ్చి మధ్యలో వేలు పెట్టబోయాడు. ఒక ఉండ వేలివైపు ఊగింది. "ఓర్నీ, నా మీదకొస్తోందే!" అదీ, దాని వెంటే రెండోదీ వేలికి తగిలాయో లేదో, ఎడం కాస్తా పోయింది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"మళ్ళీ చెయ్యమ్మా."

ఈసారి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. ఉండలు మళ్ళీ ఎడంగా జరిగాయి. "బరువు కిందికి లాగుతోందిగా, మరెందుకు కిందికి దిగి కలవవు?"

"బరువు లాగేదీ, అవి తోసుకునేదీ సరిపోయినచోట ఆగాయి."

"బరువెక్కువైతే?"

"దగ్గరవుతాయి. ఎంతో లెక్క కట్టాలి. అది మాకింకా చెప్పలేదు."

"ఎప్పుడు చెప్తారంట?"

"సెలవులయ్యాక."

ఆయన ఉండల మీంచి చూపు తిప్పలేదు. తన ఊపిరి తగిలితే కదులుతాయేమోనని గొంతు తగ్గించి, "రత్నం, దాని పెట్టె సర్దు" అన్నాడు.