నీళ్ల మీంచి ఊరు

"గడియార స్తంభంతో మొదలుపెడదామంటే వినరేం?" అన్నాను మళ్లీ.

"ముందు లాంచీ ఎక్కుదాం. తర్వాత నీ ఇష్టం," అన్నారు మా ఆయన, ఇందాకటి మాటే.

"ఇన్నేళ్లూ నీళ్ల మీదే ఉన్నారుగా, ఇంకా మోజు తీరలేదా?"

"ఎక్కడికో ఒకచోటికి వెళ్లండర్రా," అన్నారు అత్తయ్య మంచం మీంచి. "చెప్పులేసుకుని గుమ్మంలో పోట్లాడుకోవడం చూళ్లేక చస్తున్నా."

మా ఆయన హార్బరు పైలట్. బయట సముద్రంలో ఆగిన ఓడ ఎక్కి, ఇసుక మేటలకు తగలకుండా దాన్ని రేవులోకి తీసుకురావడం ఆయన పని. మా చెల్లెలు మాత్రం అత్తవారింట్లో 'మా బావ విమానాలు నడుపుతాడు' అని చెప్పుకుంది. మేమెవరమూ దిద్దలేదు.

ఈ నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు. క్వార్టర్సు ఖాళీ చేయాలి. చెల్లెలు వాళ్ల ఊళ్లో, తన పక్క వీధిలోనే మాకో ఇల్లు చూసిపెట్టింది. ఆ ఊరికి సముద్రం ఒక రాత్రి రైలు ప్రయాణం దూరం. తుప్పు పట్టని కిటికీ ఊచలు, బీరువాలో బూజు పట్టని చీరలు, పిలిస్తే పలికే దూరంలో చెల్లెలు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. ఆ మాటకి అర్థం మా ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ తేలలేదు. మేం గుమ్మంలో పోట్లాడుకుంటున్న ఆ ఆదివారమే, రాత్రిలోగా చెల్లెలికి ఏ సంగతీ చెప్పాలి.

వెళ్లిపోయేలోగా గడియార స్తంభం, కస్టమ్స్ హౌసు లాంటి ఊళ్లోని పాత కట్టడాలు ఒక్కసారైనా చూడాలని నా పట్టు. పెళ్లయి వచ్చింది మొదలు కూరల సంచితో గడియార స్తంభం కింద నుంచి నడిచానే గాని, తలెత్తి చూసింది లేదు.

చివరికి నా మాటే నెగ్గింది. మా అమ్మాయి కూడా బయల్దేరింది. స్తంభం దగ్గర తలెత్తితే మెడ నొప్పి పుట్టింది గాని కళ్లు దించబుద్ధి కాలేదు. నల్లరాతి మీద అంత సన్నటి లతలు ఎవరు చెక్కారో, ఎంత ఓపికో!

"కస్టమ్స్ హౌసుకి దారి నేను చూపిస్తా," అని ఈయన ముందు నడిచారు. "స్తంభాన్ని వీపు వెనక పెట్టుకుని తిన్నగా పోతే ఆ హౌసు గుమ్మటం ఎదురుగా రావాలి."

గుమ్మటం రాలేదు. సందులు దాటి దాటి ఉల్లిపాయల గోదాములో తేలాం. లారీ మీద బస్తాలేస్తున్న మనిషి మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఎన్ని బస్తాలు కావాలి సార్?" అన్నాడు.

"నాన్నా, ఓడ ఇసుకలో దిగబడింది," అంది మా అమ్మాయి నవ్వాపుకోలేక.

వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ కస్టమ్స్ హౌసు చేరాం. లోపలికి అడుగుపెట్టాం. గుమ్మటం చుట్టూ ఉన్న అద్దాల్లోంచి వెలుతురు పాలరాతి నేల మీద పల్చగా పరుచుకుంది. టేకు మెట్లు మధ్యలో అరిగి దోసిలిలా గుంటలు పడ్డాయి. ఈయన నడి హాల్లో నిలబడి పైకి చూస్తూ ఉండిపోయారు.

"ఇంత పెద్దదా ఇది! నాకెప్పుడూ బొటనవేలంతే కనపడేది."

ఎండ వాలాక ఆయన లాంచీ ఎక్కాం. ఒడ్డు వెనక్కి జరుగుతుంటే ఆయన నన్ను భుజం పట్టుకుని అంచు దగ్గర నిలబెట్టారు. "ఇప్పుడు చూడు."

ముందు స్తంభం, వెనక ఎత్తు మీద గుమ్మటం. రెండూ మెల్లగా దగ్గరికి జరిగి ఒకటే గీతలో నిలిచాయి.

"ఇవి ఇలా కలిసి ఉన్నంతసేపూ మన కింద లోతుంటుంది. కాస్త విడిపోయాయా, మేట. ఎంత పెద్ద ఓడనైనా వీటి మధ్య చూపు పెట్టుకునే తెచ్చాను."

ఆయన గొంతు అంత మెత్తగా ఉండటం నేను ఎరగను. ఊరంతా అక్కడి నుంచి ఎవరో తీరుబడిగా సర్దిపెట్టినట్టు ఉంది.

"అదుగో, లైట్‌హౌసు పక్కన పచ్చగా, అదేంటో చెప్పు?"

పోల్చుకోడానికి కొంచెంసేపు పట్టింది. మా క్వార్టర్సు మీది నీళ్ల ట్యాంకు. దానికి తెల్ల రంగు వేయించమని పోరితే ప్రతి ఏడూ ఏదో వంక చెప్పేవారు.

"అది లైట్‌హౌసుని దాటగానే ఓడని ఒడ్డుకి కట్టే తాళ్లు సిద్ధం చేయమనేవాణ్ణి. పుస్తకాల్లో లేని గుర్తు. నాకొక్కడికే తెలుసు."

"ముందే చెప్పొచ్చుగా మహానుభావా!"

"ఏం చెప్పను? ట్యాంకు గురించా?" అని నవ్వారు. తర్వాత లాంచీ తిరిగొచ్చేదాకా ఒడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. నేను ఊరినీ చూశాను, ఆయన్నీ చూశాను. 'నీ ఇష్టం' అనే మాట వెనక ఆయన దాచుకున్నది అక్కడ నాకు కనపడింది. దాన్ని చూశాక చెల్లెలి పక్కవీధి ఇల్లు నా కళ్లకి ఆనలేదు.

ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్లి ఫోన్ చేశాను. చెల్లెలు కాసేపు అలిగింది, కాసేపు తిట్టింది. భోజనాల దగ్గర అత్తయ్య అడిగారు: "ఇంతకీ సామాన్లు ఎప్పుడు కడుతున్నట్టు?"

ఈయన తలెత్తలేదు. అత్తయ్యకి మజ్జిగ పోస్తూ చెప్పాను.

"ఆ ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేయమన్నాను. మనం ఈ ఊళ్లోనే ఇల్లు చూసుకుంటున్నాం, రేవు కనపడే చోట."