ఎంగిలి క్లారినెట్

మా రాజురా తాలూకాను హైదరాబాదు రాష్ట్రంలోంచి కత్తిరించి బొంబాయి రాష్ట్రానికి కుట్టిన కొత్తలో, ఆ కుట్టులో నేనూ ఒక దారప్పోగునై వార్ధా నది దాటి అవతలి చాందా పట్టణం కచేరీలో పడ్డాను. దానికి పునర్వ్యవస్థీకరణ అని పేరు పెట్టారు. వ్యవస్థ సర్కారుకు దక్కింది, అవస్థ నాకు దక్కింది. పొద్దంతా ఉర్దూలో ఆలోచించి, మరాఠీలో రాసి, తెలుగులో తిట్టుకుంటూ ఇంటికొస్తే మా జయ గడపలోనే పట్టుకుంది.

"బాపూ, నాకు క్లారినెట్ కావాలె."

తండ్రిని మా వైపు బాపు అంటారు. ఆ పిలుపు మెత్తగా వినబడిందంటే తండ్రి గట్టిగా నిలబడాలి. నేను నిలబడలేదు.

ఆడపిల్లల బడిలో కొత్తగా బ్యాండు పెడుతున్నారట. జనవరి ఇరవై ఆరున ఊళ్ళో కవాతు. డ్రమ్ములు బడి ఇస్తుంది; ఊదేవి మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. తేలేని పిల్లల చేతికి తాళాలిస్తారు. తాళాలిస్తే తన నోటికి తాళం వేసినట్టేనని జయ ఏడుపు. ఏదో పెళ్ళి ఊరేగింపులో క్లారినెట్ విన్న రోజు నుంచి జొన్నదంటు మూతికి పెట్టుకుని, దాని మీద వేళ్ళాడిస్తూ ఇల్లంతా తిరుగుతోంది. దంటు పలకదు, పిల్ల మానదు.

మర్నాడు బ్యాండు మాస్టరు రామకిషన్‌ను కలిశాను. సైన్యంలో, పల్టన్ బ్యాండులో పనిచేసి వచ్చినవాడు. మాట్లాడుతుంటే మీసాలు కూడా తాళం తప్పవు.

"ఆదివారం పరీక్ష తీస్త," అన్నాడు. "ఒక్క మాట యాదిల పెట్టుకోర్రి. కొనేముందు పిల్లతోని ఊదిచ్చి సూడుర్రి. కింది స్వరం, మీది స్వరం రెండూ పలికితెనే తీసుకోర్రి. మెరుపు సూసి కొన్నరంటే గోడకు తగిలేసుకునుడే."

ఇంత తేలికైన సలహా నాకు జన్మలో ఎవరూ ఇవ్వలేదు. ఊదించు, కొను. అంతే. ఆ అంతే దగ్గరే మొదలైంది నా తంటా.

గోల్ బజార్లో అనంతరావు వాయిద్యాల దుకాణానికి నేనూ, జయా, మా అమ్మ ఆగమ్మా వెళ్ళాం. అమ్మ ఎందుకంటే, మా ఇంట్లోకి ఏ వస్తువొచ్చినా ముందు ఆమె వేలితో కొట్టి చూడాలి. కుండలు కొన్న అలవాటు. అనంతరావు అద్దాల బీరువాలోంచి నల్లగా నిగనిగలాడే క్లారినెట్ తీశాడు. అమ్మ వేలితో కొట్టి, "మంచిగనే ఉన్నది" అంది. జయ అందుకుని మూతికి పెట్టుకోబోయింది.

"ఫుంకూ నకా! ఊదొద్దు!" అనంతరావు బల్ల మీదుగా దూకినంత పనిచేశాడు. "ఉష్టం అయితది!"

ఉష్టమంటే ఎంగిలి.

"ఊదకుంట ఎట్ల తెలుస్తదయ్యా?" అన్నాను.

"రావ్ సాహెబ్, మీ పోరి ఊదినదాన్ని రేపు ఇంకొకరికి ఎట్ల అమ్ముత? మీరైతే కొంటరా?"

"కొనం," అంది అమ్మ, నాకంటే ముందే. "ధర్మంగ మాట్లాడుతుండు. ఎంగిలి సామాను ఎవ్వలు కొంటరు?"

"అమ్మా, నువ్వు మన దిక్కా, ఆయన దిక్కా?"

"నేను ఎంగిలి దిక్కైతే గాను."

దేశాన్ని భాషల వారీగా కోసి పంచారు కదా! తెలుగువాడి ఎంగిలి, మరాఠీవాడి ఉష్టం, మా పాత కచేరీ ఉర్దూలో జూఠా. ఈ ఒక్క విషయంలో మాత్రం ముగ్గురిదీ ఒకే రాష్ట్రం. ఉష్టం అన్నారు, కష్టం అనుకున్నాను, వెనకాలే నష్టం నిలబడి ఉందని ఎరగక గాలి వాద్యాన్ని గాలివాటంగా కొనేశాను.

ఇంటికొచ్చి జయ బుగ్గలుబ్బించి ఊదింది. క్లారినెట్ బుస్సుమంది. మళ్ళీ ఊదింది. పాము పడగ విప్పినట్టుందే తప్ప పాట విప్పలేదు. కీల కింద తోలు బిళ్ళలు సరిగా ఆనక, పిల్ల ఊదిన గాలంతా దారిలోనే దిగిపోతోంది. నా భార్య రుక్మిణి అగ్గిపుల్ల గీసి దగ్గర పెట్టింది. జయ ఊదుతుంటే ఏ కన్నం పక్కన పెట్టినా మంట ఊగింది.

"పొయ్యి ఊదుకోను పనికొస్తది," అంది రుక్మిణి.

దాన్ని పట్టుకుని మళ్ళీ బజారుకు ఉరికాను. అనంతరావు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇప్పుడది మీ పోరి ఉష్టం. వాపస్ తీసుకోను."

"కొనకముందు ఊదొద్దంటివి. ఊదినంక తీసుకోనంటివి. మరి ఎప్పుడూదాలె?"

"ఇంటికి పోయి," అన్నాడు చల్లగా.

శనివారం మా రాజురా మనిషి రాయమల్లు వచ్చాడు. ఇప్పుడు బల్లార్‌పూర్ కాగితం మిల్లులో పని. ఒకప్పుడు ఒక జాగీర్దారు బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. జాగీరు పోయింది, బ్యాండు పోయింది, వాయిద్యం ఆయన సంచిలో మిగిలింది. మా గోడు ఎవరి ద్వారానో విని దాన్ని తెచ్చాడు.

"అన్నా, అమ్మనైతే అమ్మను. బిడ్డ నేర్సుకునేదాక ఉంచుకోర్రి," అంటూ ఒక్కసారి ఊదాడు. కింది స్వరం నుంచి పై స్వరం దాకా, మెట్లెక్కినట్టు కాదు, ఊయల ఊగినట్టు వెళ్ళొచ్చింది. జయ చేయి చాపింది. మధ్యలో అమ్మ చేతికర్ర పడింది.

"ఆగు! పరాయి మొగోని నోట్లది ఆడపిల్ల నోట్ల పెట్టుకుంటదా?"

రాయమల్లు నొచ్చుకున్నాడు. "పెద్దమ్మా, గిది ఉత్త కట్టె గాదు. నా ఊపిరంత గిండ్లనే ఉన్నది."

"గదే గదా నా బాధ!"

"కడుగుదామమ్మా," అన్నాను.

"ఇత్తడిదైతే చింతపండు పెట్టి తోమి, నిప్పు సూపెడుదును. కట్టెనేం తోముతవ్ కొడుకా? కట్టె ఎంగిలి తాగుతది."

ఇంట్లో రెండు క్లారినెట్లు. ఒకటి పవిత్రం, పలకదు. ఇంకొకటి పలుకుతుంది, పనికిరాదు. తెల్లవారితే పరీక్ష. నా గొంతు ఒక్కటే ఆ ఇంట్లో సరిగ్గా పై స్వరంలో పలికింది. అమ్మ మీద అరిచాను, అనంతరావు మీద అరిచాను, బొంబాయి సర్కారును కూడా వదల్లేదు. జయ మాత్రం ఏడవలేదు. అది ఏడ్చినా బాగుండేది. మూల నుంచి జొన్నదంటు తీసి రెండు ముక్కలు చేసి పొయ్యి దగ్గర పడేసింది.

నా అరుపులకు రాయమల్లు గొంతెండినట్టుంది, నీళ్ళడిగాడు. అమ్మ చెంబు ఇచ్చింది. తలెత్తి, పై నుంచి గటగటా పోసుకుని తిరిగిచ్చాడు. అమ్మ చెంబును కడగకుండానే గూట్లో బోర్లించింది.

"బాపమ్మా," అంది జయ, నాయనమ్మను చూస్తూ. "కాక తాగిన చెంబు కడగలేదేంది?"

"మూతి తగిలిందా ఏందే? మీదికెళ్ళి పోసుకున్నడు గదా."

"మూతి తగలకుంటే ఎంగిలి గాదా?"

"కాదు."

జయ కింద కూర్చుంది. రాయమల్లు క్లారినెట్ పైభాగాన, నోట్లో పెట్టుకునే మూతి ముక్కను తిప్పి ఊడదీసి ఆయన చేతిలో పెట్టింది. దుకాణపు క్లారినెట్ మూతి ముక్కను ఊడదీసి పాతదానికి తొడిగింది. వదులైంది. రుక్మిణి డబ్బాలోంచి కుట్టుదారం తెచ్చి బిగించి చుట్టి, మళ్ళీ తొడిగింది. ఈసారి కూర్చుంది.

"మూతి తగిలేది గిదొక్కటే. గిది నా ఎంగిలి. కింద ఉన్నది చెంబు," అంది.

అమ్మ వంగి దాన్ని వేలితో కొట్టి చూసింది. "మరి లోపటికి పోయిన వాని ఊపిరి?"

"ఊపిరి గూడ ఎంగిలైతే ఈ గల్లీల ముక్కు మూసుకొని తిరగాలె అత్తమ్మా," అంది రుక్మిణి.

తల బొంబాయి సరుకు, మొండెం హైదరాబాదు సరుకు, మధ్యలో దారం. అచ్చం మా తాలూకాలాగే ఉంది. జయ ఊదింది. తప్పిపోయిన దూడ అరిచినట్టు కింది స్వరం ఒకటి బయటికొచ్చింది. రాయమల్లు తన పాత మూతి ముక్కను జేబులో వేసుకుని కళ్ళు తుడుచుకున్నాడు. సంతోషమో, ఆ స్వరం విన్న బాధో నేనడగలేదు.

ఆదివారం బడి మైదానానికి అమ్మ కూడా వచ్చింది. జయ వంతు వచ్చింది. కింది స్వరం పలికింది. పై స్వరం దగ్గర క్లారినెట్ కీచుమని ఆగిపోయింది. మళ్ళీ ఊదింది, మళ్ళీ కీచుమంది. పక్కన తాళాల పెట్టె తెరిచే ఉంది. రామకిషన్ దాని వైపొకసారి చూశాడు.

"మూతి గట్ల కాదు బిడ్డా, గిట్ల," అంటూ, మేం నోరు తెరిచేలోపే క్లారినెట్ లాక్కుని, మీసాలతో సహా తన నోట్లో పెట్టుకుని ఊది చూపించాడు. తిరిగి చేతికిచ్చి, "ఊ, నువ్వూదు," అన్నాడు.

నా పంచప్రాణాలూ క్లారినెట్ కన్నాల్లోంచి పోయినట్టయింది. ఇంత కుట్టీ, ఇంత అతికీ, చివరికి ఎంగిలే! జయ క్లారినెట్ పట్టుకుని బాపమ్మ వైపు చూసింది. తర్వాత తాళాల పెట్టె వైపు చూసింది. పరికిణీ అంచుతో మూతి ముక్కను ఒక్క తుడుపు తుడిచి నోట్లో పెట్టుకుంది.

స్వరం పైకి వెళ్ళింది. వణికింది. కానీ వెళ్ళింది.

నేను భయం భయంగా పక్కకు తిరిగాను. అమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని, మైదానానికి వీపు పెట్టి, ఖాళీగా ఉన్న రోడ్డు వైపు నిలబడి ఉంది.

"అమ్మా..."

"నేనేం సూడలేదురా. లారీ పోతుంటే గటు సూస్తున్న."

రోడ్డు మీద లారీ లేదు. అటు తిరిగే అడిగింది: "మీది స్వరం పలికింది గదా?"