చేపలకు కొర్రన్నం

కొత్తగా పెళ్లయిన మొగుడు సాయంత్రం ఇంటికి వస్తూ మల్లెపూలో బెల్లం మిఠాయో తేవడం లోకంలో ఉన్నదే. నీలాంబ మొగుడు మల్లప్ప ఒకనాడు పాము కుబుసం తెచ్చాడు. ఎక్కడా చిరగకుండా, కళ్ల దగ్గర పొరతో సహా ఉన్నదని మురిసిపోతూ ఆమె చేతికిచ్చాడు. ఇంకోనాడు పేడపురుగు దొర్లించుకుపోతున్న ఉండను తెచ్చాడు, పురుగుతో సహా. ఆ తర్వాత గిజిగాడి గూడు. నీలాంబ వాటన్నిటినీ పడకింటి గోడ గూట్లో, పెళ్లినాటి పసుపు కుంకాల భరిణె పక్కన వరసగా పెట్టుకుంది. పేడపురుగును మాత్రం మర్నాడు పొద్దున్నే పెరట్లో వదిలేసి, అది వెళ్లిపోతుంటే కాసేపు దిగులుగా చూసింది.

మల్లప్ప పత్తికొండ అవతల ఒక మగ్గాల ఊళ్లో బోర్డు బడి అయ్యవారు. నీలాంబ అనంతపురం కాలేజీలో ఇంటరు దాకా చదివి, ఆ ఊరికి కోడలుగా వచ్చింది. వచ్చి ఇంకా ఒక వానాకాలమైనా గడవలేదు. సాయంత్రమయ్యేసరికి ఆమె చెవులు వీధి మలుపు మీదే ఉండేవి. మల్లప్ప కిర్రుచెప్పులు మలుపులో కిర్రుమనగానే చెంబుతో నీళ్లు పట్టుకొని గడప దగ్గరికి వచ్చేది. వచ్చి, ముగ్గు చెరిగిందేమో చూడ్డానికి వచ్చినట్టు నిలబడేది.

"ఈ పొద్దు ఏం తెచ్చినారు అయ్యవారూ?"

"ముందు కాళ్లు కడుక్కోనీ."

"కాళ్లు రేపు కడుక్కోవచ్చు. జేబులో ఏముండాది?"

లోపల మగ్గం గుంటలో కూర్చొని నేస్తున్న అత్త బసమ్మకు ఈ మాటలన్నీ వినబడేవి. ఆమె నవ్వితే మగ్గం చప్పుడు ఒక క్షణం ఆగేది. మళ్లీ మొదలయ్యేది.

బసమ్మ నిష్ఠ గల మనిషి. లింగపూజ కాకుండా పచ్చి మంచినీళ్లు ముట్టదు. బావి నుంచి తెచ్చిన నీళ్లు తాను నేసిన గుడ్డను నాలుగు మడతలు వేసి వడగట్టి గాని కడవలో పోయదు. వడగట్టాక గుడ్డ మీద మెలికలు తిరుగుతూ సన్న పురుగులు మిగులుతాయి. వాటిని నేల మీద దులిపితే ఎండకు చస్తాయని, పెరట్లో కాళ్లు కడుక్కునే రాతి తొట్టి మీద గుడ్డను బోర్లించి, చేత్తో నీళ్లు చల్లి, ఒక్కటి కూడా మిగలకుండా తొట్టిలోకి దింపేది. అది వాళ్లమ్మ నేర్పిన పద్ధతి. "బతకనీ పాపం. వాటికీ ప్రాణముండాది కదా" అనేది.

ఆ ఇంట్లో ఏదీ వృథా పోయేది కాదు. నూలుకు పెట్టగా మిగిలిన గంజి పక్కింటి బర్రెకు పోయేది. బర్రె పేడ పిడకలై పొయ్యిలోకి వచ్చేది. పొయ్యిలో బూడిద గిన్నెలు తోమడానికి, గిన్నెలు కడిగిన నీళ్లు చిక్కుడు పాదుకు. ఆ చిక్కుళ్లు కూరై కంచంలోకి. నీలాంబ ఒకనాడు ఈ వరసంతా వేళ్ల మీద చెప్పి, "ఒకటి ఇంకొకదానికి తిండి అని మీరు బడిలో చెప్పే పాఠం మా అత్త పెరట్లోనే ఉండాది" అంది మల్లప్పతో. ఆయనకు ఆ మాట ఎంత నచ్చిందంటే మర్నాడు బడిలో అదే చెప్పాడు. భార్య చెప్పిందని కూడా చెప్పాడు. పిల్లలు నవ్వారట.

వినాయక చవితి వెళ్లిన వారానికి బసమ్మ అటక మీద నుంచి రెండు లావు గొంగళ్లు దించి పెరట్లో ఎండకు వేసింది. నేల ఇంకా కాలుతూనే ఉంది.

"ఇప్పుడే చలికాలానికి తీసినావా అత్తా?"

"చలికాలానికి కాదమ్మా. మా మల్లప్ప వణుకుకు." బసమ్మ గొంగడిని దులుపుతూ మామూలుగానే చెప్పింది. "వానలు పడినాక ప్రతి ఏడూ వస్తాది చలిజ్వరం. రెండు గొంగళ్లు కప్పి, పైన నేను పడుకున్నా పండ్లు టకటకమంటాయి. వాళ్ల నాయనకూ అట్లే వస్తాండె. ఒక ఏడు వచ్చింది, ఇంగ పోల్యా."

ఎండలో నిలబడ్డ నీలాంబకు ఒళ్లు చల్లబడింది. మామగారు లేరని తెలుసు గాని ఎలా పోయారో ఆమె ఎన్నడూ అడగలేదు. గొంగడి అంచులో అక్కడక్కడా కుట్లు కనబడ్డాయి. ఏటేటా పట్టుకొని గుంజుకుంటే చిరిగిన చోట్లు అవి.

ఆ సాయంత్రం జేబులో ఏముందని ఆమె అడగలేదు. మల్లప్ప కాళ్లు కడుక్కొని, అన్నం తిని, చేయి కూడా కడుక్కున్నాక అడిగింది.

"జ్వరం మాట నాకెందుకు చెప్పల్యా?"

"చెప్పేదేముంది? చుట్టం మాదిరి వస్తాది, నాలుగు దినాలుంటాది, పోతాది."

"ఈ ఏడు నేను రానీను."

మల్లప్ప నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "అయితే రేపొకటి తెస్తా" అన్నాడు.

మర్నాడు ఆయన ఒక చెంబును పైపంచెతో కప్పి, ఒంటికి ఆనించుకొని తెచ్చాడు. గుమ్మంలోనే బసమ్మ చూసింది.

"ఏమప్పా, చెంబును సంటిబిడ్డ మాదిరి ఎత్తుకొస్తాండావు?"

"బడి చెంబమ్మా. తోమాల." అబద్ధమాడితే మల్లప్ప చెవులు ఎర్రబడతాయి. అదృష్టం, బసమ్మ అప్పుడు తెగిన పోగు అతుకుతోంది.

పెరట్లో పంచె తీస్తే చెంబులో వేలెడంత చేపలు రెండు. బడిలో చేపలు పెంచే తొట్టి పగిలింది. నాచును పురుగు, పురుగును చేప, చేపను కొంగ తింటాయని, కొంగ రెట్ట మళ్లీ నాచుకు ఎరువని ఆ తొట్టి దగ్గరే పిల్లలకు చెప్పేవాడు మల్లప్ప. పిల్లలు తలా ఒక ప్రాణి అయి, గుండ్రంగా చేతులు పట్టుకొని ఆడేవాళ్లు. ఇప్పుడు తొట్టి లేదు. చేపలు మిగిలాయి.

"మీ అత్త తొట్టిలో ఉండే మెలిక పురుగులు ఏమనుకున్నావు? దోమ పిల్లలు. ఆ దోమలే కుట్టి జ్వరం తెస్తాయి. ఈ రెంటినీ అందులో వదిల్తే చాలు."

"మా అత్త కాదు, మీ అమ్మ. చేపలు ఇంట్లో ఉన్నాయని తెలిస్తే?"

"నువ్వు చెప్పు, నీకు చదువుండాది కదా."

"మీకు లేదా?"

"ఆమె నన్ను కన్నది. నా చదువు ఆమె దగ్గర పని చెయ్యదు."

ఇద్దరూ నోళ్లు మూసుకొని నవ్వుకుంటూ చేపలను తొట్టిలో వదిలారు. అవి చెంగున అడుగుకు పోయి, కాసేపటికి పైకి వచ్చి, ఒక పురుగును గుటుక్కుమనిపించాయి. నీలాంబ తొట్టి అంచున గడ్డం ఆనించి చీకటి పడేదాకా చూసింది. మొగుడు తెచ్చినవాటిలో ఇంత అందమైనది ఇంకొకటి లేదనిపించింది.

ఆ అందం వారం కూడా దాగలేదు. ఒక పొద్దున బసమ్మ వడగట్టిన గుడ్డను తొట్టిలో బోర్లిస్తుండగా, దిగిన పురుగు దిగినట్టే చేప నోట్లోకి పోయింది. ఆమె గుడ్డ పట్టుకొని అట్లే నిలబడింది.

"నీలమ్మా, ఇట్ల రా."

నీలాంబ వచ్చింది. మల్లప్ప బడికి ఎప్పుడూ లేనంత తొందరగా బయల్దేరబోయి, తల్లి చూపుకు చిక్కి ఆగిపోయాడు. నీలాంబ తనకు తెలిసిందంతా చెప్పింది. పురుగు దోమ ఎలా అవుతుందో, దోమ జ్వరం ఎలా మోసుకొస్తుందో, చేప ఎలా అడ్డం పడుతుందో. బసమ్మ అడ్డు మాట లేకుండా విన్నది.

"సరే. నువ్వు చెప్పింది నిజమే అనుకుందాం. పురుగును నేను చంపను. చేప చంపుతాది. చేపను తెచ్చి పెట్టిందెవరు?"

నీలాంబ మల్లప్ప వైపు చూసింది. మల్లప్ప తలపాగా సర్దుకున్నాడు.

"అంటే చంపింది మీరే కదా. నేను తెలీక బతకనిస్తి. మీరు తెలిసి సావనిస్తాండారు."

"మరి వీటిని చెరువులో వదిలెయ్యమంటావా అత్తా?" అంది నీలాంబ మెల్లగా.

"చెరువులో యాడుండాయి నీళ్లు? కొంగల పాలు చేసేదానికా? ఇంటికి వచ్చిన ప్రాణిని పొమ్మనను." బసమ్మ గుడ్డను పిండి దండెం మీద ఆరేసింది. "కానీ నా ఇంట్లో ఉంటే నా ఇంటి తిండి తినాల."

ఆ రోజు నుంచి పూజ కాగానే బసమ్మ ఒక పిడికెడు కొర్రన్నం తెచ్చి, గరిటెతో తొట్టి అంచు మీద టకటకా కొట్టి, మెతుకు మెతుకు చల్లేది. మొదట చేపలు రాలేదు. తర్వాత గరిటె చప్పుడుకు వచ్చేవి. తర్వాత ఆమె పెరటి గడప దాటగానే వచ్చి మూతులు పైకి పెట్టి నిలిచేవి. బసమ్మ వాటికి పెద్దోడు, చిన్నోడు అని పేర్లు పెట్టింది. "పెద్దోనికి ఆశ ఎక్కువ. చిన్నోణ్ణి తిననీడు" అని వాటి తగవులు కూడా తీర్చేది.

చేపలు బలిశాయి. పురుగులూ బలిశాయి. చేప పక్కనుంచే మెలికలు తిరుగుతూ పోతుంటే చేప కన్నెత్తి చూసేది కాదు.

"అన్నం పెడితే అవి పురుగులను తినవు అత్తా."

"నాకు కావాల్సింది అదే కదమ్మా."

మల్లప్ప పొట్ట పట్టుకొని నవ్వాడు. నీలాంబకూ నవ్వొచ్చింది. అత్తను చూస్తే ముచ్చటేసింది కూడా. కానీ దండెం మీది గొంగళ్లు కనబడగానే ఆ నవ్వు పోయేది. సాయంత్రం వేపాకు పొగ వేసేది. మల్లప్ప ఎటు కూర్చుంటే అటు పొగ కుంపటి జరిపేది. "నన్ను పొగాకు ఆరబెట్టినట్టు ఆరబెడతాండావు" అని ఆయన దగ్గేవాడు. ఆయన నిద్రపోతే పైట కొంగుతో దోమలు విసిరేది. తన కాళ్ల మీద వాలినవి ఆమెకు గుర్తే రాలేదు.

వానలు పడ్డాయి. మగ్గం గుంటలో దోమలు ముసిరాయి. బసమ్మ నేస్తూ నేస్తూ ఒక కాలితో ఇంకో కాలిని రాసుకునేది గాని ఒక్కదాన్నీ చరిచేది కాదు.

ఒక మధ్యాహ్నం నీలాంబ చేటలో కొర్రలు పోసి రాళ్లు ఏరుతోంది. చేట కదులుతోంది. గాలేమో అనుకుంది. కొర్రలు నేల మీద చిందాయి. అప్పుడు తెలిసింది, కదిలేది చేట కాదని.

"అత్తా" అని పిలిచింది. పిలుపు కూడా ముక్కలు ముక్కలుగా వచ్చింది.

మల్లప్ప కోసం ఎండబెట్టిన గొంగళ్లు ఆమె మీదికి వచ్చాయి. బసమ్మ మగ్గం మీద పని అట్లే వదిలి వచ్చి, కోడలిని గొంగళ్లతో సహా రెండు చేతులా చుట్టి పడుకుంది. "ఏం కాదు, ఏం కాదు" అంటూనే ఉంది గాని, ఆ మాట ఎవరికి చెప్పుకుంటోందో నీలాంబకు అర్థం కాలేదు. మెడకు తగులుతున్న అత్త చెంప తడిగా ఉంది. మల్లప్ప పత్తికొండకు పరుగున పోయి తపాలాఫీసులో అమ్మే చలిజ్వరం మందు, క్వినైను పొట్లాలు తెచ్చాడు. ఆ చేదుకు ఆమె ముఖం చిట్లించుకుంటే, పక్కన కూర్చొని తానూ ముఖం చిట్లించాడు.

"పుస్తకం తెలిసినదానివి, నన్ను కాపాడబోయి నువ్వు పడితివి" అన్నాడు. పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇట్ల ఏడిస్తే రేపు జేబులో ఏం తెస్తారు?" అంది ఆమె పండ్లు కొట్టుకుంటుండగానే.

దినం మార్చి దినం వచ్చి వచ్చి, జ్వరం చివరికి వదిలింది. ఒక పొద్దున నీలాంబ గోడ పట్టుకొని పెరటి గడప దాకా వచ్చింది.

బసమ్మ తొట్టి దగ్గర నిలబడి ఉంది. పూజ అయింది, నుదుట విభూతి ఇంకా తడిగా ఉంది. ఒక చేతిలో కొర్రన్నం, ఇంకో చేతిలో గరిటె. చేపలు రెండూ పైకి వచ్చి మూతులు తెరుస్తున్నాయి. ఆమె గరిటె కొట్టలేదు. అట్లే చాలాసేపు నిలబడి, చివరికి వెనక్కి తిరిగి, అన్నాన్ని ప్రహరీ మీది కాకికి పెట్టింది.

"ఏం అత్తా, ఈ పొద్దు పెట్టల్యా?"

"ల్యా." బసమ్మ కోడలి వైపు చూడలేదు. "నిన్న కూడా పెట్టల్యా. పెద్దోడు శానా సేపు ఎదురు చూసినాడు."

గరిటె పక్కన పెట్టి బావి నీళ్లు వడగట్టింది. గుడ్డ మీద పురుగులు మెదులుతున్నాయి. దాన్ని తొట్టి మీదికి తెచ్చి, కళ్లు మూసుకుంది. చేతులు మాత్రం గుడ్డను బోర్లించలేదు. పెదవులు కదులుతున్నాయి, ఏదో చెప్పుకుంటున్నట్టు.

నీలాంబ మెల్లగా నడిచి పక్కకు వచ్చింది. "ఇట్లియ్యి అత్తా, నేను చేస్తా. ఆ పాపం నాకు రానీ."

"నిన్నగాక మొన్న లేచినదానివి, నీకెందుకమ్మా పాపం?"

"మరి నీకెందుకు?"

బసమ్మ కళ్లు తెరిచి కోడలి ముఖం చూసింది. బుగ్గలు పీక్కుపోయి, కళ్లు మాత్రం పెద్దవై ఉన్న ముఖం. గుడ్డ కొస ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టింది.

"అట్లయితే చెరి సగం" అంది.

ఇద్దరూ చెరొక కొస పట్టుకొని గుడ్డను నీళ్లలోకి వంచారు. పెద్దోడు మూతి పైకి పెట్టి, అన్నం కోసమే ఇంకాసేపు చూశాడు. ఆ తర్వాత నీళ్లలో పురుగుల వైపు తిరిగాడు.