శుక్రవారం సర్వే

శనివారం మధ్యాహ్నం, అదీ భోజనాలయ్యాక క్లాసు పెట్టారంటే పిల్లల్ని నిద్రపుచ్చడానికే అనుకోవాలి. ఉప్పల్‌లోని ఓ పీజీ కాలేజీ వాళ్లు ఆ గంటను తీసుకెళ్లి లైబ్రేరియన్ విక్టోరియా మేడం నెత్తిన పెట్టారు. సమాచారం ఎక్కడ వెతకాలో, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మాలో, పరిశోధన అంటే అసలేమిటో ఆమె చెప్పాలి, ఎంఏ రెండో ఏడాది వాళ్లు వినాలి. వాళ్లు వినకపోయినా, ఆవలించినా, బల్ల కింద ఫోన్లు నొక్కుకున్నా ఆమె మాత్రం గొంతు బొంగురుపోయేదాకా చెప్పేది. పైగా ఆమెకో జబ్బు. ఎవరేం చెప్పినా "ఎవరు జెప్పిన్రు?" అని అడుగుతుంది. క్యాంటీన్‌లో ఇవాళ సమోసా బాగుందన్నా అదే అడుగుతుందని పిల్లలు నవ్వుకునేవారు.

ఆ శనివారం ఆమె చేతికి ఫెబా చిక్కింది. ఫెబా ఘట్‌కేసర్ నుంచి వచ్చే సోషియాలజీ పిల్ల. వాళ్లమ్మ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. అందుకే ప్రాజెక్టు కూడా నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ల రాకపోకల మీదే తీసుకుంది. మొదటి అధ్యాయం చూపించమంటే ధీమాగా ఇచ్చేసింది. మేడం రెండు పేజీలు తిప్పి ఆగింది.

"నాచారంల పనిజేసే ఆడోళ్లల్ల నూటికి ఎనభై మంది నడిసే వస్తరని రాసినవ్. ఎవరు జెప్పిన్రు?"

"నెట్‌ల ఉంది మేడం."

"నెట్ అంటే ఊరు బిడ్డా. ఊల్లె ఏ ఇల్లు?"

క్లాసంతా ఘొల్లుమంది. ఫెబాకు రోషం వచ్చింది. "సీనియర్లందరు రాసిన్రు మేడం. శశిధర్ సార్ కూడ క్లాసుల జెప్పిన్రు" అంది. శశిధర్ సారంటే ఆమె ప్రాజెక్టుకు గైడు.

"మంచిగుంది. మరి మీ అమ్మ నాచారంల జేస్తదంటివి గద, నడిసే పోతదా?"

ఫెబా తను రాసిన వాక్యం వైపు చూసింది. ఆ వాక్యం టైపు చేసిన సాయంత్రం అమ్మ ఇంకా ఇల్లు చేరలేదు. బస్సులన్నీ నిండి పోతున్నాయని, ఆలస్యమవుతుందని ఫోన్ చేసింది. ఫెబా లేచి పొయ్యి మీద అన్నం పెట్టి, మళ్లీ వచ్చి కూర్చుని, నాచారం ఆడవాళ్లు నడిచే వస్తారని రాసేసింది. ఆ రెంటికీ ఏదో లంకె ఉందని తట్టనే లేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మేడం నవ్వలేదు. "మీ అమ్మ ఒక్కతే బస్సుల వస్తదేమో, మిగిలినోళ్లు నడుస్తరేమో. నాకు దెల్వదు, నీకు దెల్వదు. తెలుసుకుంటవా?" అంది.

తెలుసుకుంటానంది ఫెబా. అన్నాక ఆ వాక్యం వెంట పడింది. నిరుడు పాసైన సీనియర్‌కు ఫోన్ చేస్తే, "యాదికి లేదు చెల్లె. ఉప్పల్ రింగ్‌రోడ్డు కాడ జిరాక్స్ అన్న ఉంటడు సూడు, ఆయన తాన రిఫరెన్సుల పేజీలు తయారుగ ఉంటయి. నేను అవే పెట్టిన" అన్నాడు. ఆ కాలేజీలో అది ఆచారం. బైండింగ్‌కు ఇచ్చినప్పుడు అట్ట ఏ రంగు కావాలని అడిగినట్టే, వెనక రిఫరెన్సులు పెట్టాల్నా అని కూడా అడుగుతారు. ఎవరూ చదవని పుస్తకాల పేర్లు ఆ రకంగా ఏడాదికేడాది ఒక రిపోర్టులోంచి ఇంకో రిపోర్టులోకి దూకుతూ వచ్చాయి. ఇంత బద్ధకాన్ని ఇంత నీటుగా, బంగారు అక్షరాలతో అట్ట వేసి దాచుకోవడం మనకే చెల్లింది.

ఒకరి వెనక ఒకరిని పట్టుకుంటూ పోతే ఆ వాక్యం చివరికి లైబ్రరీ మూల బీరువాలో ఒక ఎంఫిల్ గ్రంథం దగ్గర ఆగింది. పుష్కర కాలం కిందటిది. రాసినవారు శశిధర్. ఫెబా ఆ గ్రంథం పట్టుకుని మేడం దగ్గరికి వెళ్లింది.

"సార్ తప్పు రాసిన్రు మేడం" అంది గొంతు తగ్గించి.

"అప్పుడే తప్పనకు. ఆయన ఇంట్ల కూసొని లెక్కలు పుట్టిచ్చే మనిషి గాదు. ఎండల గేటు ముంగట నిలబడి అడిగిండు. తప్పు అనుడు సులువే బిడ్డా. ఆయనకు గట్లెందుకు కనబడ్డదో గది వెతుకు."

ఆ మాటతో ఫెబాకు మేడం మీద ఎనలేని గౌరవం కలిగింది. తప్పు దొరికిందంటే చాలు పండగ చేసుకునే లోకంలో, ఎదుటివాడి పక్కన నిలబడి వాడు చూసిందేదో చూడమనేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఇక ఫెబా నాచారం గేట్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. షిఫ్టు వదిలాక ఆడవాళ్లు ఎవరి కోసమూ ఆగరు. బస్సు పోతే మళ్లీ ఎప్పుడో. కాగితం పట్టుకుని నిలబడితే పని కాదని ఒక్కరోజులోనే తెలిసి, వాళ్లతో పాటు గబగబా నడుస్తూ అడగడం నేర్చుకుంది. కొన్నిసార్లు బస్సెక్కి కమ్మీ పట్టుకుని వేలాడుతూ అడిగింది. లాలాపేట్ వాళ్లు, నాగోల్ వాళ్లు, ఘట్‌కేసర్ అవతలి వాళ్లు, అందరూ బస్సో షేర్ ఆటోనో పట్టుకుని వచ్చేవాళ్లే. నడిచి వచ్చేవాళ్లు కొద్దిమందే. పన్నెండేళ్ల కిందట మాత్రం అందరూ దగ్గర్లోనే ఉండేవారేమో అని తనకు తానే అడ్డం పడింది. అందుకని పాతవాళ్లను వెతికి పట్టుకుంది. అప్పుడు కూడా దూరం నుంచే వచ్చేవాళ్లమని వాళ్లన్నారు.

"యాదికున్నది మంచిదే. గప్పటి కాయితం గూడ ఒకటి సూడు" అంది మేడం. పాత పేపర్లలో ఎలా వెతకాలో కూర్చోబెట్టి నేర్పింది. పెద్ద వార్తలు చదువుతూ కూర్చోవద్దని, సర్వే జరిగిన వారాలు పట్టుకుని లోపలి జిల్లా పేజీలు చూడమని చెప్పింది. ఫెబా సిటీలోని పెద్ద లైబ్రరీలో దుమ్ముకు తుమ్ముతూ పాత పేపర్ల కట్టలు తిరగేసింది. ఏమీ దొరకని రోజులే ఎక్కువ. కోపంతో వదిలేద్దామనుకున్న రోజులూ ఉన్నాయి. ఒక మధ్యాహ్నం పేజీ అడుగున చిన్న వార్త కనిపించింది. కరెంటు కొరత వల్ల నాచారం ఫ్యాక్టరీలకు ప్రతి శుక్రవారం పవర్ హాలిడే, ఆ రోజంతా కరెంటు ఉండదు.

శశిధర్ సారు సర్వే చేసింది శుక్రవారాలే. మిగతా రోజుల్లో రెండు జూనియర్ కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటూ, ఖాళీ దొరికిన శుక్రవారాల్లో గేటు దగ్గరికి వెళ్లానని గ్రంథంలో ఆయనే రాసుకున్నాడు. ఫెబా పరుగున వెళ్లి అమ్మతో పనిచేసే రాములమ్మను అడిగింది.

"గప్పటి శుక్రవారాలా? మిషన్లన్ని బంద్ ఉండె గద. సాఫ్‌సఫాయికి పక్కపొంటి బస్తీలోళ్లనే పిలుస్తుండె. మేము ఇండ్లల్లనే ఉంటుంటిమి" అంది రాములమ్మ.

మరో ఇద్దరు ముగ్గురు పాతవాళ్లూ అదే మాటన్నారు. ఫెబాకు రోడ్డు మీదే ఎగిరి గంతేయాలనిపించింది. ఆ సంతోషం బస్టాపు దాకా కూడా నిలవలేదు. ఈ సంగతి ఇప్పుడు అధ్యాయంలో రాసి గైడుకు చూపించాలి.

"గా శుక్రవారం ముక్క ఒక్కటి తీసెయ్‌రాదు! సార్‌తోని లొల్లెందుకు? వైవాల మార్కులు ఆయన చేతులనే ఉంటయి" అన్నాడు ఆమె రాసింది చదివిన క్లాస్‌మేట్ దయాకర్. ఊరికే భయపెట్టడం కాదది. వైవాలో తప్పితే ఏడాది పోతుంది. ఈ ఎండాకాలానికి మా బిడ్డ ఎంఏ అయిపోతుందని అమ్మ ప్యాకింగ్ సెక్షన్ అంతా చెప్పుకుని తిరుగుతోంది. తీసేయడానికి ఫెబా ఫైలు తెరిచింది కూడా. చెరపబోతే బస్సులో వేలాడుతూ జవాబు చెప్పిన ఆడవాళ్లు ఒక్కొక్కరే కళ్లముందుకు వచ్చారు. ఇంక చేయి ఆడలేదు.

విక్టోరియా మేడం ఆ అధ్యాయం చదివి, "అంత మంచిగుంది గని ఒకటి తక్కువైంది. ఆయన జేసిన మంచి పని యాడ రాసినవ్?" అంది. ఫెబా ఆలోచించి ఒక వాక్యం చేర్చింది. నాచారం గేట్ల దగ్గర నిలబడి ఆడవాళ్లనే నేరుగా అడిగిన మొదటి పరిశోధన శశిధర్ గారిదేనని, తన ప్రశ్నలకు దారి చూపించింది కూడా అదేనని రాసింది. రాశాక అది మర్యాద కోసం రాసింది కాదని, నిజమేనని ఆమెకే అనిపించింది.

శశిధర్ స్టాఫ్‌రూంలో కూర్చుని ఆ అధ్యాయం ఆసాంతం చదివాడు. మొహం కందగడ్డ అయింది. మళ్లీ మొదటికి తిప్పి ఇంకోసారి చదివాడు. సంతకం చేసి పెన్ను మూత పెట్టాడు.

"సంతకం పెట్టిన. గని వైవాల నేనే అడుగుత. జవాబు జెప్తే సరి, లేకుంటే వచ్చే ఏడు మల్ల సూద్దాం" అన్నాడు.

అప్పట్నుంచి వైవా దాకా ఫెబా రోజూ ఆ అధ్యాయమే తిప్పి తిప్పి చదువుకుంది.

వైవా రోజు వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ రిపోర్టు తిరగేసి, బస్సుల వేళల గురించి ఏవో అడిగి, బాగుందమ్మా అని మూసేశాడు. గండం గడిచిందనుకుని ఫెబా కుర్చీలోంచి లేవబోయింది. శశిధర్ గొంతు సవరించుకున్నాడు.

"కూసో. నాచారంల ఆడోళ్లు నడిసే వస్తరని ఒక పరిశోధన ఇదివరకే తేల్చింది. నువ్వు కాదంటున్నవ్. ఎందుకు?"

ఫెబా మళ్లీ కూర్చుంది. ఒడిలోని ఫైలు విప్పింది.

"ఆ లెక్క తప్పు కాదు సార్. ఆ దినం గేటు కాడికి వచ్చినోళ్లను సరిగనే అడిగిన్రు. గని ఆ శుక్రవారాలు పవర్ హాలిడే. దూరపోళ్లు పనికే రాలె. శుక్రవారానికి అది నిజమే సార్. మిగిలిన దినాలకు కాదు." పాత పేపరు కాపీ, పాతవాళ్లు చెప్పిన మాటలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది.

ఎగ్జామినర్ మూసిన రిపోర్టు మళ్లీ తెరిచాడు. "ఎవరిదమ్మా ఆ పరిశోధన?"

ఫెబా తల దించుకుంది.

"నాదే సార్" అన్నాడు శశిధర్. "పన్నెండేండ్ల సంది క్లాసుల గదే జెప్పుకుంట వస్తున్న. అంత పెద్ద గేటు ముంగట గంత తక్కువ మంది ఎందుకున్నరని ఆ దినం నాకు అడగబుద్ధి కాలె. ఈ పిల్ల అడిగింది."

మార్కుల కాగితాన్ని ఎగ్జామినర్ వైపు జరిపాడు.

"మీరే వేయిండ్రి సార్. నేనేస్తే ఎక్కువైతయి."