స్కాలర్‌షిప్ కాదన్నదెవరు

"నేను నొక్కలేదండీ" అని సాయిసుధ చెప్పడం అది నాలుగోసారి.

పెనం మీద దోసె మాడుతోంది. చేతికి పిండి అలాగే ఉంది. గట్టు మీద వంకాయల బుట్ట పక్కన లాప్‌టాప్ తెరిచి ఉంది. అందులో రెండే వాక్యాలు. ప్రవేశాన్నీ, దానితో పాటు ఇచ్చే ఆర్థిక సహాయాన్నీ మీరు వద్దన్నట్టు ఆదివారం నమోదైంది. మీ భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం. శనివారం దాకా ఆ చోట ఒక ఆకుపచ్చ బటన్ ఉండేది, అంగీకరిస్తున్నానని నొక్కడానికి. ఇవాళ మంగళవారం, ఏప్రిల్ పద్నాలుగు. అంగీకారం చెప్పడానికి రేపే ఆఖరు.

"కంగారు పడకు. ముందు ఆ దోసె తియ్యి" అన్నాడు కృష్ణకాంత్. కుర్చీ లాక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. "మన మెయిల్లోకి ఎవరో దూరారు. సాయంత్రంలోగా ఎవరో తేలుస్తాను."

హాల్లోంచి అత్తగారు వెంకటరత్నమ్మ టిఫిన్ ఎంతవరకు వచ్చిందని అడిగింది. మాత్ర వేసుకునే వేళ దాటిపోతోందట. సుధ మాడిన దోసె తన కంచంలో వేసుకుని, పెనం మీద నీళ్ళు చిలకరించి, ఇంకోటి పోసింది. ఐదేళ్ళ చదువు చేజారిన రోజున కూడా పచ్చడికి తాలింపు పెట్టాలి. పెట్టింది.

పోయింది చిన్నది కాదు. అమెరికా నడిబొడ్డున ఒక యూనివర్సిటీలో నేలల శాస్త్రంలో పీహెచ్‌డీ. ఫీజు మొత్తం మాఫీ. వారానికి ఇరవై గంటలు అక్కడి పిల్లలకి లాబ్ చెబితే నెలనెలా జీతం, ఆరోగ్య బీమా. తొమ్మిదో తరగతి చదివే కూతురు లక్ష్మీప్రియని వెంట తీసుకెళ్ళొచ్చు. నలభై ఏళ్ళ మనిషికి, అదీ పదహారేళ్ళ క్రితం బాపట్లలో అగ్రికల్చర్ ఎమ్మెస్సీ చేసి తర్వాత వంటింట్లో ఉండిపోయిన మనిషికి, అంత ఇస్తామన్నారు. అప్పట్లో రేపల్లె పక్క పొలాలకి ఉప్పునీళ్ళు ఎక్కి నేల ఎలా చచ్చిపోతోందో ఆమె మట్టి తవ్వి, ఎండబెట్టి, కొలిచి రాసిన కాగితాలు అక్కడ ఎవరో చదివారు. చదివి, మీరు ఈ పని ఎందుకు ఆపేశారు అని అడిగారు. ఆ ప్రశ్న ఈ తెనాలిలో, ఈ ఇంట్లో, ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఆ ఇంటి కింది అంతస్తులోనే కృష్ణకాంత్ ఆఫీసు. విదేశాల్లో చదువులకి పిల్లల్ని పంపే కన్సల్టెన్సీ. బోర్డు మీద ఆయన పేరు, ఫ్లెక్సీ మీద పిల్లల ఫొటోలు, వందశాతం స్కాలర్‌షిప్ అన్న అక్షరాలు. ఆ పిల్లలు యూనివర్సిటీలకి పంపే వ్యాసాలన్నీ పై అంతస్తులో, కుక్కరు మూడో విజిలుకీ నాలుగో విజిలుకీ మధ్య తయారవుతాయి. నాకు చిన్నప్పట్నించీ యంత్రాలంటే ప్రాణం అని ఒకడి తరఫున, మా తాతయ్య రోగం నన్ను వైద్య పరిశోధన వైపు నడిపించింది అని ఇంకో పిల్ల తరఫున, పదేళ్ళలో రెండు వందల మందికి పైగా రాసింది సుధ. వాళ్ళ ఆశలు ఆమే ఊహించి, వాళ్ళ కష్టాలు ఆమే అల్లి, ఫీజు మాఫీకి ఎవర్ని ఏ మాటతో అడగాలో ఆమే కనిపెట్టింది. తల్లిదండ్రులు ఎవరైనా ఈ వ్యాసాలు ఎవరు రాస్తారండీ అని అడిగితే కృష్ణకాంత్ నవ్వి, "మా ఆవిడకి ఇంగ్లీషంటే కాస్త కాలక్షేపంలెండి" అనేవాడు. కాఫీ ఇవ్వడానికి దిగిన సుధ ట్రే పట్టుకుని ఆ కాలక్షేపం ముఖమే పెట్టుకుని నిలబడేది.

ఆమె దరఖాస్తు పెట్టడం కూడా ఆయన అనుమతి మీదే జరిగింది. "పెట్టి చూడు. పీహెచ్‌డీ సహాయం ఎలా ఇస్తారో మనకీ తెలుస్తుంది, కొత్త బ్యాచ్‌కి పనికొస్తుంది" అన్నాడు. మార్చిలో ఉత్తరం వచ్చింది. చదివి, అద్దాలు తీసి తుడుచుకుని, ఆయన మొదట అడిగిన మాట, "జూన్‌లో కొత్త పిల్లలు చేరతారు కదా, వాళ్ళవి ఎవరు రాస్తారు?" వెంటనే సర్దుకుని, "చివరి రోజు దాకా ఆగి ఒప్పుకుందాం, ఇంకా మంచిది రావచ్చు" అన్నాడు. అది ఆ ఆఫీసు నియమం. పిల్లలందరికీ సుధే టైపు చేసి పంపేది, ఆఖరి రోజు వరకు అవునని చెప్పొద్దు అని. కాబట్టి ఆగింది.

ఇంకో నియమం కూడా ఉంది. చేరిన ప్రతి పిల్లాడికీ ఆఫీసే కొత్త మెయిల్ తెరుస్తుంది. పాస్‌వర్డు అందరిదీ ఒకే తరహా, పేరు పక్కన ఒకటి రెండు మూడు. ఫోన్ నంబరు ఆఫీసుది. లోపలికి వెళ్ళే కోడ్‌లు ఆ ఫోన్‌కే వస్తాయి. పిల్లలు గాభరాలో ఏదో ఒకటి నొక్కేస్తారని యూనివర్సిటీలకి జవాబులన్నీ ఆఫీసే ఇస్తుంది. సుధ తన మెయిల్ కూడా అలాగే తెరిచింది. తనకంటూ వేరే నంబరు, వేరే పాస్‌వర్డు ఉండాలన్న ఆలోచనే రాలేదు. రెండు వందల మందికి అలవాటుగా చేసిన పని రెండు వందల ఒకటో మనిషికీ చేసింది.

తెల్లవారగానే ఆమె రాసిన మెయిల్‌కి ఎనిమిదింటికి జవాబొచ్చింది. ప్రవేశాలు చూసే ఆవిడ మర్యాదగా రాసింది. ఆదివారం మీ సమయం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి మీ వైపు నుంచి నిరాకరణ అందింది. ఈ సహాయం రేపు వరుసలో ఉన్న మరొకరికి వెళ్తుంది. పొరపాటు జరిగిందంటే మా విభాగం అధిపతి ఆలోచిస్తారు, కానీ మీ నోటితో వినాలి. సాయంత్రం ఏడింటికి, అంటే మాకు ఉదయం ఎనిమిదిన్నరకి, వీడియోలో మాట్లాడండి.

పదింటికి కృష్ణకాంత్ విచారణ మొదలుపెట్టాడు. పాస్‌వర్డులన్నీ తెలిసిన మూడో మనిషి ఆఫీసులో రిబ్కా ఒక్కతే. జంపని నుంచి రోజూ బస్సులో వచ్చి, దరఖాస్తులు నింపి, సర్టిఫికెట్లు స్కాన్ చేసే పిల్ల. ఆయన ఆమెను పైకి పిలిపించి సోఫా ముందు నిలబెట్టాడు. కూర్చోమనలేదు. ఆదివారం పన్నెండూ నలభైకి ఎక్కడున్నావన్నాడు. చర్చిలో ఉన్నానంది. ఆఫీసు ఫోన్ నీ దగ్గరే కదా ఉంటుందన్నాడు.

"శనివారం సాయంత్రం మీ చేతికే ఇచ్చాను సార్. ప్రతి శనివారం ఇచ్చినట్టే."

"నాకివ్వలేదు."

"ఇచ్చాను సార్. మీరు కారు తుడిపిస్తున్నారు."

"ఇవ్వలేదంటున్నానా? మేడమ్ వెళ్ళిపోతే వ్యాసాలు నీ నెత్తిన పడతాయి అనుకున్నావేమో. లేకపోతే ఉండిపోతే బాగుండు అనుకున్నావు. ఏదో ఒకటి అనుకునే ఉంటావు."

రిబ్కా ఏడవలేదు. సుధ వైపు తిరిగి, "నేను కాదక్కా" అంది. రోజూ మేడమ్ అనే పిల్ల. నిన్న పొద్దున ఆఫీసు తీసినప్పుడు ఆ ఫోన్ రిబ్కా బల్ల మీదే ఉందని కృష్ణకాంత్ అంటున్నాడు. ఇచ్చానంటున్న మాటకి సాక్ష్యం లేదు. ఊళ్ళో కన్సల్టెన్సీల వాళ్ళందరి గ్రూపులో ఆమె పేరు ఫొటోతో సహా పెడతానని, ఎక్కడా పని దొరకదని కృష్ణకాంత్ చెబుతుంటే, వెంకటరత్నమ్మ లోపల్నించి, "పాపం ఆడపిల్లరా, మెల్లగా చెప్పి పంపించెయ్" అంది. రిబ్కా మెట్లు దిగింది కానీ ఇంటికి వెళ్ళలేదు. కింద వరండాలో, పిల్లల ఫొటోల ఫ్లెక్సీ కింద, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక సుధ గిన్నెలు తోముతూ ఆదివారాన్ని మొదటినుంచి తలుచుకుంది. ఆదివారం వాళ్ళంతా రేపల్లెలో, కృష్ణకాంత్ పెదనాన్న కొడుకు గృహప్రవేశంలో ఉన్నారు. కేటరింగ్ వాళ్ళున్నా మొదటి పంక్తికి స్వీటూ నెయ్యీ ఇంటి కోడళ్ళే వడ్డించాలని వాళ్ళ వైపు పట్టింపు. ఐదింటికి లేచి తలస్నానం చేసి బయల్దేరిన సుధ, పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని బొబ్బట్ల పళ్ళెం పట్టుకుని వరుసల మధ్య వంగి లేస్తోంది. నడుం పట్టేసింది. అంతకుముందే పన్నెండున్నరకి మైకులో పంతులుగారు మొదటి పంక్తి కూర్చోమన్నారు. అందరూ కూర్చున్నారు. సగం పంక్తి అయ్యేసరికి, పన్నెండూ నలభై దాటాక, కృష్ణకాంత్ షామియానా చివర కుర్చీలోంచి లేచి, వరుసల మధ్యకి వచ్చి, ఆమె భుజం దగ్గర ఆగి అడిగాడు.

"సుధా, నువ్వు తిన్నావా?"

ఆమె చేతిలో బొబ్బట్టు ఆగిపోయింది. పదహారేళ్ళలో ఆయన ఆ మాట అడగలేదు. లక్ష్మీప్రియ పుట్టిన రోజున కూడా, మా అమ్మ తిందా అని అడిగాడు గానీ ఈమెని అడగలేదు. ఇంకా లేదండీ అంది. సరే, తిను అని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ముక్కకి ఆమె ఎంత మురిసిపోయిందంటే, తిరుగు ప్రయాణంలో కారు వెనక సీటులో కూర్చుని, పాపం నేను వెళ్ళిపోతున్నానని బెంగ పెట్టుకున్నారేమో, ఐదేళ్ళు ఎలా ఉంటారో, వెళ్ళడం తప్పేమో అని కూడా అనుకుంది. ఇంటికొచ్చి ఆయనకి ఇష్టమని ఉల్లిపాయ పెసరట్టు వేసింది. అది గుర్తొచ్చి ఇప్పుడు సిగ్గేసింది. సీటు పోయినందుకు కాదు. పదహారేళ్ళు ఆకలితో ఉన్న మనిషిలా ఒక్క మాటకి అంత పొంగిపోయినందుకు.

ఆయన వంగి అడిగినప్పుడు చొక్కా జేబు బరువుకి కిందికి సాగి ఉంది. అందులో రెండు ఫోన్లు. ఒకటి ఆయనది. రెండోదానికి ఎర్ర కవరు. అది ఆఫీసుది.

సుధ పీచు గిన్నెలో వదిలేసి చెయ్యి కడుక్కుంది. కుళాయి కట్టేసింది. చాలాసేపు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. ఒంట్లో ఎక్కడా ఓపిక లేదు.

ఆరున్నరకి కృష్ణకాంత్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. మాట్లాడాల్సింది ఇంగ్లీషులో టైపు చేశాడు. ఆఫీసు ఉద్యోగిని ఒకరు అనుమతి లేకుండా చేసిన పొరపాటు, ఆమెను తొలగించాం, క్షమించండి. తాను పక్కనే, కెమెరాకి కనపడకుండా కూర్చుంటానన్నాడు. సీటు తిరిగి రాకపోతే పోయింది, వచ్చే ఏడు నేనే దగ్గరుండి పెట్టిస్తానన్నాడు. సుధ కాగితం చదివింది. రెండో వాక్యంలో తప్పుంది. దిద్దాలనిపించి పెన్ను కోసం చెయ్యి కూడా వెళ్ళింది. ఆపుకుంది.

"ఆదివారం నన్ను తిన్నావా అని ఎందుకు అడిగారు?"

"ఏంటి?"

"రేపల్లెలో. పంక్తి మధ్యలోకి వచ్చి అడిగారు."

"అడిగితే తప్పా?"

"తప్పు కాదండి. పదహారేళ్ళలో అదొక్కసారే అడిగారు, అందుకని గుర్తుంది. అప్పుడు మీ జేబులో రెండు ఫోన్లున్నాయి."

కాలర్ సర్దుకున్నాడు. హాలు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

అంతే అడిగాడు. కాదనలేదు. ఆమెకి అదే చాలు. గుమ్మం దగ్గరికి ఎప్పుడొచ్చిందో వెంకటరత్నమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. "వాడేం చేసినా నీ మంచికే చేస్తాడమ్మాయ్. ఆ పిల్లకి ఇంకో చోట పని దొరుకుద్ది. మన సంగతి తీసుకెళ్ళి ఎవరో తెల్లావిడకి చెప్తావా? పిల్ల పెళ్ళీడుకొస్తోంది. రేపు ఎవరన్నా ఏంటని అడిగితే ఏం చెప్తావు?"

ఏం చెప్తాను, అనుకుంది సుధ. ఇన్నాళ్ళూ ఎవరి మాటలు వాళ్ళకి రాసిపెట్టాను. ఆయన మాటలు కూడా ఇంగ్లీషులో నేనే దిద్దాను. ఆదివారం వద్దంటూ ఆయన పంపింది కూడా, వద్దనుకునే పిల్లల కోసం నేను రాసిపెట్టిన నమూనానే అయుంటుంది. కిటికీలోంచి చూస్తే వరండా మెట్టు మీద రిబ్కా చెప్పులు కనిపిస్తున్నాయి. ఆఖరి జంపని బస్సు వెళ్ళిపోతుందేమోనన్న ఆలోచన కూడా సుధకే రావాలి. వచ్చింది.

ఏడింటికి తెర మీద ప్రవేశాలు చూసే నడివయసు ఆవిడ ముఖం వచ్చింది. వెనక కిటికీలో తెల్లటి పగలు. నమస్కారం చెప్పి, మీ వ్యాసం నేను చదివాను, ఆ ఉప్పు పొలాల గురించి మా వాళ్ళు ఇప్పటికీ మాట్లాడుకుంటున్నారు అంది. తర్వాత ఒక కాగితం ముందుకు తీసుకుంది. పొరపాటే అయితే మీ స్థానం తిరిగి ఇవ్వడానికి అధిపతి సుముఖంగానే ఉన్నారు, మాటిచ్చినట్టు కాదు, కానీ ఎలా జరిగిందో ఫైల్లో నేను రాయాలి అంది. రేపు ఇలాంటిది మళ్ళీ జరగదని మాకు నమ్మకం కావాలి అని కూడా అంది.

మీరు వద్దన్నారా అని అడిగింది.

లేదని సుధ చెప్పింది.

కృష్ణకాంత్ కాగితాన్ని వేలితో ఆమె వైపు జరిపాడు. రెండో వాక్యం కింద గీత గీశాడు. అందులో తప్పు ఆయనకి ఇంకా కనపడలేదు. అది చూసి ఆమెకి జాలి కలిగింది. ఎప్పుడూ కలిగేదే. ఆ జాలితోనే ఇన్నేళ్ళూ ఆయన తప్పులన్నీ దిద్దింది.

మరి ఎవరు అని అడిగింది ఆవిడ.

సుధ కాగితాన్ని బోర్లా తిప్పింది. వెలుగు ముఖం మీద పడేలా కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. ఇంగ్లీషులోనే, తడుముకోకుండా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"నా భర్త. పేరు కృష్ణకాంత్. ఇక్కడే, నా పక్కనే కూర్చుని ఉన్నారు."